గాంభీర్యం గారికి ఇల్లు ఖాళీ చేయమని నోటీసు

మహారాజశ్రీ గాంభీర్యం గారి సముఖానికి,

హన్మకొండలో అందరం క్షేమం. తమరూ క్షేమమేనని మా బాపు మొహం చూస్తేనే తెలుస్తోంది.

తరతరాలుగా అద్దె కట్టకుండా మా ఇంట్లో ఉంటున్నారు. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది, మీరు మాత్రం కదల్లేదు. తాత మొహం మీది నుంచి బాపు మొహం మీదికి మారారంతే. 1163లో కట్టిన వేయి స్తంభాల గుడి ముందు కూర్చున్న నల్లరాతి నంది కూడా మీకంటే కాస్త నవ్వుమొహంతోనే కనిపిస్తుంది.

కన్నవాళ్లు పొగిడితే పిల్లలకు ఆయుక్షీణమన్నది మీ శాసనం. మా అక్క పదో తరగతిలో బడికే మొదటి స్థానంలో వచ్చిన రోజు బాపు "ఊఁ" అన్నాడు. ఆ సాయంత్రమే చౌరస్తాలో చాయ్ బండి దగ్గర సబ్జెక్టులవారీగా మార్కులు అప్పజెప్పాడట. ఆ కబురు తిరిగి మా వంటింటికి చేరడానికి వారం పట్టింది, అదీ పాలవాడి ద్వారా.

మీ ఏలుబడిలో ప్రేమకు అన్నీ చుట్టుదారులే. మేడారం మొక్కు సంగతే చూడండి. నా చిన్నప్పుడు జ్వరం ఎంతకీ తగ్గకపోతే బాపు నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, మొక్కుకున్నాడు. నాకు చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు, సమ్మక్కకు మాత్రం చెప్పుకున్నాడు. జాతర రెండేళ్లకోసారి కదా, అందాకా ఆ మాట కడుపులోనే దాచుకున్నాడు. ఒకరోజు బెల్లం దుకాణానికి తీసుకెళ్లి నన్ను తక్కెడలో కూర్చోబెట్టాడు. గొలుసులు కిర్రుమన్నాయి, బెల్లం ముద్దల చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. "ఎందుకు మొక్కారు?" అని దుకాణదారు అడిగితే, బాపు నా వైపు చూడకుండా తక్కెడ ముల్లు వైపు చూస్తూ, "వీడికి పాణం బాగలేకుంటే" అన్నాడు. ముల్లు మధ్యకు వచ్చి నిలిచాక కూడా "ఇంకో ముద్ద వెయ్యి" అన్నాడు. అంతలో మీరు అందుకున్నారు: "కాళ్లు ఊపకు, సరిగ్గా కూర్చో!"

బతుకమ్మ పండుగకూ ఇదే తంతు. తెల్లవారకముందే చెరువు కట్టల వెంట తిరిగి తంగేడు, గునుగు కోసుకొచ్చేవాడు. అక్క ముందు తువ్వాలు విప్పి, "చాలా?" అనేవాడు. గునుగు పూలకు రంగులద్దిన చేతులు మర్నాటికీ గులాబీ రంగులోనే ఉండేవి. ఎవరైనా అడిగితే నేరం మా మీదికి నెట్టేవాడు.

(అమ్మ కూడా మీ మనిషే. కాకపోతే ఆమె చెప్పదలచుకున్నదంతా సకినాల డబ్బాలో పోసి మూత బిగిస్తుంది.)

ఏడాదికి ఒక్క సాయంత్రం మీరు సెలవు పెడతారు. దసరానాడు పాలపిట్టను చూసి, మైదానంలో రావణుడు కాలిపోయాక, బాపు జేబు నిండా జమ్మి ఆకుతో బయలుదేరేవాడు. దారిలో ఎదురైన ప్రతివాడికీ అలయ్ బలయ్. గోడ తగాదాతో ఏడాదంతా మాటల్లేని పక్కింటాయననూ గట్టిగా కౌగిలించుకునేవాడు. తీరా ఇంటికి వచ్చేసరికి మీ సెలవు అయిపోయేది. మేము కాళ్లు మొక్కితే తలమీద చెయ్యి పెట్టేవాడు. ఆ చెయ్యి తీయడంలో మాత్రం కాస్త ఆలస్యం చేసేవాడు. మేము వరుసకట్టి నిలబడేది అందుకే.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. అక్క కొడుకు ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా మీరు ఎటు పోతున్నారు? బాపు గుర్రమై హాలంతా పాకుతున్నాడు. "నా బంగారు కొండ" అంటున్నాడు. ఆ మాట ఆయనకు వచ్చని మాకు ఇన్నాళ్లూ తెలియదు. అసలుకంటే వడ్డీ ముద్దంటారు, నిజమే కానీ, అసలు ఎలా ఉందో ఒక్కసారైనా కనుక్కోవద్దా?

కాబట్టి ఈ దసరాకు సెలవు మీద వెళ్లినవారు అటునుంచి అటే వెళ్లిపోండి. పాత అద్దె బాకీ వదిలేస్తాం. మా బావ మొహంలో ఒక గది కోసం ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చారని విన్నాను. తిరిగి తీసేసుకోండి, అక్క ఒప్పుకోదు. మొన్న వాళ్లబ్బాయి బడిలో పద్యం అప్పజెప్పి వస్తే, పక్కింటివాళ్లు ఏమైందోనని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చేంత గట్టిగా మెచ్చుకుంది.

ఇట్లు,
అసలు