మిల్ఖా కంటే ముందు పింటో

మీ వ్యాసంలో మిల్ఖా సింగ్‌తోనే మన దేశంలో స్ప్రింట్ (తక్కువ దూరం పరుగు) మొదలైందన్నట్టు రాశారు, బాగానే ఉంది గానీ లెవీ పింటో పేరే ఎత్తకపోతే ఎలా అండీ? 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ జరిగితే 100 మీటర్లు 10.8 సెకన్లలో, 200 మీటర్లు 22.0లో కొట్టి రెండు గోల్డ్‌లూ ఆయనే పట్టుకుపోయాడు, అదీ ఇప్పట్లా రబ్బరులాంటి సింథటిక్ ట్రాక్ కాదు, బూట్ల కింది స్పైక్స్ (మేకులు) దిగబడే సిండర్ ట్రాక్, అంటే కాలిన బొగ్గు రజను పరిచినది, టైమేమో చేత్తో నొక్కే స్టాప్‌వాచ్. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో రెండింట్లోనూ సెమీస్ దాకా వెళ్లాడు. అప్పట్లో అమెచ్యూర్ రూల్స్ కదా, పరుగెత్తి డబ్బు తీసుకుంటే ఒలింపిక్స్‌కి అనర్హులే, ఇంక స్పాన్సర్లెక్కడ! 200లో మిల్ఖా 1958లో టోక్యో ఏషియన్ గేమ్స్‌లో మళ్లీ గోల్డ్ తెచ్చాడు సరే, మగాళ్ల 100లో మాత్రం 2023 హాంగ్‌ఝౌ గేమ్స్ దాకా చూసినా పింటో తర్వాత మనకి ఒక్కటీ రాలేదు.