‘సోకదు’ అని హెడ్డింగ్ పెట్టింది నేనే

2020 జనవరి 14, భోగి. డెస్క్‌లో సగం కుర్చీలు ఖాళీ. పండక్కి ఊళ్లకెళ్లినవాళ్ల పేజీలు కూడా మా నెత్తినే పడ్డాయి. సాయంత్రం ఏజెన్సీ కాపీ ఒకటి వచ్చింది. వూహాన్‌లో బయటపడిన కొత్త కరోనా వైరస్ మనిషి నుంచి మనిషికి సోకుతున్నట్లు చైనా అధికారుల ప్రాథమిక పరిశీలనలో స్పష్టమైన ఆధారాలేవీ దొరకలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) ట్వీట్ చేసిందట. అంతర్జాతీయం పేజీలో మిగిలింది సింగిల్ కాలమ్. అంత పొడుగు మాట అందులో ఎక్కడ పడుతుంది? ‘మనుషుల మధ్య సోకదు’ అని టైప్ చేసి, అరిసె ముక్క నోట్లో వేసుకుని తర్వాతి వార్తకు పోయాను.

ఆధారాలు దొరకలేదు వేరు, సోకదు వేరు. ఈ తేడా తెలియక కాదు, జాగా లేక.

ఇప్పుడు ఏ కొత్త వైరస్ పేరు వినపడినా మన గ్రూపుల్లో ఒకటే పాట: ‘డబ్ల్యూహెచ్‌వో అప్పుడే అబద్ధం చెప్పింది.’ నాకు ఒళ్లు మండుతుంది. ఆ ట్వీట్‌లో అక్షరం కూడా అబద్ధం లేదు. గొడవంతా అక్కడే. పక్కవాడు చెప్పిన మాటను తెచ్చి, తన పెద్దరికం ముద్ర వేసి ప్రపంచానికి వినిపించింది. అదే రోజు ఆ సంస్థ నిపుణురాలు మరియా వాన్ కెర్ఖోవ్, కుటుంబాల్లో పరిమితంగా ఒకరి నుంచి ఒకరికి సోకే అవకాశం ఉందని విలేకరులతో అన్నారు. ఆ మాట పెద్దగా ఎవరికీ చేరలేదు. ట్వీట్ చేరింది. నా హెడ్డింగ్ కూడా.

అప్పటికి చేతిలో ఏమీ లేదా అంటే, ఉంది. ముందురోజే థాయ్‌లాండ్‌లో చైనా బయట తొలి కేసు. వూహాన్ నుంచి వచ్చిన ఆ మహిళ, అందరూ వేలెత్తి చూపిస్తున్న హువానన్ చేపల మార్కెట్‌కు వెళ్లనే లేదు. మరి ఎక్కడ అంటుకున్నట్టు? డిసెంబర్ 30న తోటి డాక్టర్లను జాగ్రత్తగా ఉండమన్న కంటి వైద్యుడు లీ వెన్లియాంగ్‌ను జనవరి 3న పోలీసులు పిలిచి, పుకార్లు పుట్టించానని సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న అదే జబ్బుతో పోయాడు, 33 ఏళ్లకు. వైరస్ జన్యుక్రమాన్ని జనవరి 11న ప్రపంచం ముందు పెట్టింది ప్రొఫెసర్ జాంగ్ యోంగ్‌జెన్ బృందం. మర్నాడే ఆయన ల్యాబ్‌ను ‘సరిదిద్దడానికి’ మూసేశారు. మనిషి నుంచి మనిషికి సోకుతోందని చైనా ప్రభుత్వ నిపుణుల బృందం పెద్ద జోంగ్ నాన్‌షాన్ టీవీలో ఒప్పుకున్నది 20న. అంటే నేను అరిసె తిన్న ఆరు రోజులకు.

డబ్ల్యూహెచ్‌వో గట్టిగా అడగొచ్చు కదా అంటారు. అడిగి ఏం చేస్తుంది? అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రకారం ఇలాంటిది కనిపించిందని అంచనాకు వచ్చిన 24 గంటల్లో దేశాలు తెలియజేయాలి. చెప్పకపోతే జరిమానా లేదు, తలుపు తోసుకుని లోపలికెళ్లే అధికారం అంతకన్నా లేదు. పిలిస్తేనే వెళ్లాలి. పిలవాలంటే పొగడాలి. అందుకే డబ్ల్యూహెచ్‌వో అధిపతి టెడ్రోస్ బీజింగ్ వెళ్లి వచ్చి చైనాను అంతలా మెచ్చుకున్నాడు. నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఆ కుర్చీలో ఇంకెవరున్నా ఏం చేసేవారో నాకు తెలియడం లేదు. జనవరి 22, 23 తేదీల్లో ప్రపంచ ఆరోగ్య ఎమర్జెన్సీ ప్రకటించాలా వద్దా అని డబ్ల్యూహెచ్‌వో నిపుణుల కమిటీ రెండుగా చీలిపోయింది. ఎమర్జెన్సీ ప్రకటన 30న వచ్చింది. అదే రోజు కేరళలో మన తొలి కేసు, వూహాన్ నుంచి వచ్చిన విద్యార్థిని. రెండ్రోజుల్లో ఎయిరిండియా విమానంలో 324 మంది ఢిల్లీలో దిగారు, వాళ్లలో మన ఆంధ్ర పిల్లలూ ఉన్నారు.

దాచినవాడిని తిట్టడం సులువే. చెప్పినవాడికి ఏం దక్కిందో కూడా చూడండి. 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్‌ను పట్టుకుని వెంటనే బయటపెట్టారు. ఒకట్రెండు రోజుల్లోనే దేశం తర్వాత దేశం వాళ్ల విమానాలు ఆపేసింది. వైరస్ అప్పటికే యూరప్‌లో తిరుగుతోంది. రేపు ఇంకో చోట ఇంకో డాక్టర్ రిపోర్టు రాస్తుంటే, పైఅధికారికి ముందు గుర్తొచ్చేది ఆ ఆగిపోయిన విమానాలే.

మొన్న మళ్లీ అలాంటి కాపీ వచ్చింది, ‘ఆధారాలు లేవు’ అంటూ. ‘ఆధారాలు ఇంకా దొరకలేదు’ అని పెట్టాను. సింగిల్ కాలమ్‌లో పట్టక మూడు లైన్లయింది. ఇన్‌ఛార్జి వచ్చి ‘ఆ ఇంకా తీసెయ్, రెండు లైన్లకొస్తుంది’ అన్నాడు. ఫొటో చిన్నది చేశాను, ‘ఇంకా’ ఉంచాను.