దీపం చెబితే వాయిస్తా

సంగీత సాధనకి ఇన్నాళ్లూ అడ్డుపడుతున్నదేమిటో నేను కనిపెట్టాను. వాయించడం. దాన్ని వీలైనంత వెనక్కి నెట్టి, ముందు జరగాల్సిన పనులు ముందు జరిపిస్తే చాలు. మూడు నెలల స్వానుభవంతో చెబుతున్న మాట కాబట్టి పెద్దలు కాస్త శ్రద్ధగా వినాలి.

ఉపాయం చాలా తేలిక. డిజిటల్ పియానో వెనక యూఎస్‌బీ కేబుల్ పెట్టే చోటు ఒకటి ఉంటుంది. అక్కణ్నుంచి ఒక కేబుల్ లాగి, పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పాలని 2012లో మార్కెట్లోకి తెచ్చిన రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్‌కి గుచ్చాలి. పియానో మెట్ల (కీల) వెనకాల ఎల్ఈడీ స్ట్రిప్, అంటే చిన్న దీపాల పట్టీ, అంటించాలి. పాట ఫైలు ఎక్కిస్తే, ఏ మెట్టు నొక్కాలో దాని వెనక దీపం వెలుగుతుంది. కుడిచేతికి ఆకుపచ్చ, ఎడమచేతికి నీలం. సరైన మెట్టు నొక్కేదాకా పాట కదలదు. గురువుగారైతే రెండో తప్పుకే నిట్టూరుస్తారు. దీపం తెల్లారేదాకా అలాగే నిలబడుతుంది.

ఒక్క సాయంత్రం పని అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

లెక్క మాత్రం ముచ్చటగా కుదిరింది. పియానోకి 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. అన్నీ కలిపి వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. నేను కొన్న స్ట్రిప్‌లో మీటరుకి 144 దీపాలు. గుణిస్తే దాదాపు 176, అంటే మెట్టుకి రెండు. ఇది తేలిన రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. పాట వచ్చినా అంత సంతోషం కలిగేది కాదేమో, చెప్పలేను, ఇంకా రాలేదు.

కాగితం మీద కుదిరింది బల్ల మీద కుదరాలని ఎక్కడా లేదు. స్ట్రిప్ మీటరు దగ్గర ఆగిపోయింది. మిగిలిన 22 సెంటీమీటర్ల కోసం రెండో స్ట్రిప్ కత్తిరించి, లోహం కరిగించి అతికే సోల్డరింగ్ నేర్చుకున్నాను. చూపుడువేలు కాలింది కానీ, మధ్యవేలితో నెట్టుకురావచ్చని దీపం నేర్పింది. పైగా దీపాల అంతరం, మెట్ల అంతరం ఒకటి కావు. ఒక సప్తకం దాటేసరికి దీపం రెండు మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. పియానో, కంప్యూటర్ మాట్లాడుకునే భాష పేరు మిడి. అందులో నడిమి 'సి' మెట్టు నంబరు 60. నేను 60 పంపిస్తే దీపం పక్కనున్న నల్లమెట్టు వెనక వెలిగింది. వారం రోజులు నేను ఆ నల్లమెట్టునే నమ్మకంగా నొక్కాను, పాట కదల్లేదు. తప్పు నాది కాదని తెలిశాక కలిగిన ఆనందం వేరు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత పుట్టిన రోజుల్లో మద్దెలకి యూఎస్‌బీ లేదు. ఉంటే ఆవిడ, ఏం జరిగిందో రాసిపెట్టే లాగ్ ఫైలు చూపించేది.

కరెంటు సంగతి తొందరగా ముగిస్తాను. ఒక్కో దీపం పూర్తి తెలుపులో వెలిగితే 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. 176 ఒకేసారి వెలిగితే పదిన్నర ఆంపియర్లు. నా సాధన స్థాయిని బట్టి రెండు దీపాలకి మించి ఒకేసారి వెలగవు కాబట్టి చిన్న అడాప్టర్‌తో సరిపెట్టాను. చేతకానితనం ఇంత విద్యుత్తు ఆదా చేస్తుందని ఎవరూ ప్రచారం చేయరు.

అసలు కథ వేలు తీసినప్పుడు మొదలైంది. మెట్టు నొక్కితే పియానో కంప్యూటర్‌కి చెబుతుంది: ఫలానా నంబరు, ఇంత బలంతో. బలం 127 దాకా ఉంటుంది. వేలు తీశానని చెప్పడానికి కొన్ని పియానోలు వేరే కబురు పంపవు. అదే మెట్టుని సున్నా బలంతో కొట్టాడని చెబుతాయి. 1983 నాటి మిడి ప్రమాణం దీన్ని ఒప్పుకుంటుంది కూడా. నా ప్రోగ్రాముకి ఆ సూక్ష్మం తెలియక, వేలు తీసిన ప్రతిసారీ మళ్లీ నొక్కానని లెక్కేసింది. మూడు రాత్రులు టెన్షన్ పడి కారణం పట్టుకున్నాను. సున్నా బలంతో కొట్టడం! నా సంగీతానికి ఇంతకన్నా కచ్చితమైన వర్ణన ఎవరూ ఇవ్వలేదు.

1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి మహాశయుడు పియానో తయారుచేసింది, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా మోగాలని. పాపం, అనవసర శ్రమ. నా దీపానికి మెల్లనా గట్టినా ఒకటే. నొక్కావా లేదా, అంతే.

ఇక్కడ ఒక విజయం నమోదు చేయాలి. పోయిన ఆదివారం ఒక పాట మొదటి నాలుగు లైన్లు, ఒక్క దీపం కూడా ఆగకుండా, మొట్టమొదటిసారి పూర్తిచేశాను. ఒళ్లు పులకరించింది. లేచి నీళ్లు తాగి వచ్చి చూస్తే వాల్యూమ్ సున్నాలో ఉంది. ఇరవై నిమిషాలుగా అక్కడే ఉంది. వాల్యూమ్ తగ్గించినా పియానో కంప్యూటర్‌కి కబుర్లు మానదు. దీపాలు వెలిగాయి, నేను నొక్కాను, ఇల్లంతా నిశ్శబ్దం. చెవులతో పనిలేని సంగీతం ఇంతకు ముందు ఎవరైనా సాధించారో లేదో విద్వాంసులు తేల్చాలి.

మా అన్నయ్య కూతురు పియానో క్లాసుకి వెళ్తుంది, పాత పద్ధతి. వచ్చి కూర్చుని, దీపాల వైపు చూడకుండా అదే పాట ఎత్తుకుంది. మూడో లైన్లో కావాలనే ఒక స్వరం మార్చింది. బాగానే ఉంది, ఆ మాట పైకి అనలేదు. ఆమె చివరిదాకా వెళ్లిపోయింది. దీపం మాత్రం మూడో లైన్లోనే ఉండిపోయింది.

"బాబాయ్, నీ పియానో అలిగింది" అంది. తర్వాత, "ఆ లైట్లు ఆపేసి నువ్వు వాయించు, వింటా" అంది.

అలా ఉన్నపళంగా ఆపకూడదనీ, పద్ధతిగా షట్‌డౌన్ చేయకపోతే మెమరీ కార్డు పాడవుతుందనీ, ఇప్పటికి రెండు పోయాయనీ వివరించాను.

"సరే, పద్ధతిగానే ఆపు."

ఆపాను. గదిలో మామూలు వెలుతురు, ఎదురుగా 88 మెట్లు, ఏ మెట్టూ ఏమీ చెప్పడం లేదు. లైట్లు లేకుండా వాయించడం ఈ ప్రాజెక్టు పరిధిలోకి రాదని చెప్పి పంపించాను.