డ్రైవర్ లేని బండి

(హైదరాబాద్ నాగోలులో ఒక ఇల్లు. వెంకటేశం సిటీ బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. మియాపూర్‌లో చుట్టాల గృహప్రవేశం. సుగుణ పట్టుచీర కట్టుకుని రెడీ. ఆయన ఇంకా లుంగీలోనే ఉన్నాడు.)

సుగుణ: శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి చిన్నాడు వీడియో పంపాడు, చూడండి. టాక్సీ ముందు సీట్లో ఎవరూ లేరు. స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది. వీడు వెనక కూర్చుని పల్లీలు తింటున్నాడు.

వెంకటేశం: పూర్వం ఇలాంటివి చూస్తే భూతవైద్యుణ్ణి పిలిచేవాళ్లు. ఇప్పుడు డబ్బులిచ్చి మరీ ఎక్కుతున్నారు.

సుగుణ: రేపో మాపో మన దగ్గరికీ వస్తాయి. కందిలో ఐఐటీ క్యాంపస్‌లో డ్రైవర్ లేని చిన్న బస్సు తిరుగుతోందట.

వెంకటేశం: క్యాంపస్‌లో ఎవడైనా తిప్పుతాడు. సాయంత్రం ఆరింటికి మెహదీపట్నం తీసుకురమ్మను. ఎదురుగా మనిషి కనిపిస్తే ఆగుతుందిగా? ఇక తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. మనవాళ్లు చెయ్యి అడ్డంపెట్టి రోడ్డు దాటేస్తారు. ఆ చెయ్యి చూసి ఆగాలా, పోనివ్వాలా అనేది స్టీరింగ్ పట్టినవాడికే తెలుస్తుంది.

సుగుణ: చెయ్యి సంగతి మీరే చెప్పాలి. పెళ్లయిన కొత్తలో తార్నాకలో నేను చెయ్యెత్తితే, నన్ను చూసి నవ్వి మరీ వెళ్లిపోయారు.

వెంకటేశం: నువ్వు నిలబడింది స్టాపులో కాదు, స్టాపుకి ఇరవై అడుగులు ఇవతల. రూలు రూలే.

సుగుణ: డ్రైవర్ లేని బస్సు నయం. పెళ్లాన్ని గుర్తుపట్టి మరీ వదిలేసి పోదు.

వెంకటేశం: డబుల్ డెక్కర్ నడిపినవాణ్ణి నేను! సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి సెవెన్ జెడ్. పైన చెట్టుకొమ్మ, పక్కన రిక్షా, ఫుట్‌బోర్డు మీద పదిమంది. ఈ లెక్క ఏ కంప్యూటర్‌కి నేర్పుతారో నేర్పమను.

సుగుణ: మరి మెట్రో ఎక్కి హాయిగా కునుకు తీస్తారే, దాన్ని నడిపేదీ చాలావరకు కంప్యూటరే. ముందు కూర్చున్న అమ్మాయి తలుపులూ అవీ చూసుకుంటుంది. ఢిల్లీలో 2020 నుంచి ఒక లైన్లో ఆ మనిషి కూడా లేకుండా నడిచేలా చేశారు.

వెంకటేశం: పట్టాల మీద పోయేదానికేం! మెట్రోకి ఎప్పుడైనా బారాత్ అడ్డమొచ్చి డాన్సు చేసిందా? సరే, బస్సులో డ్రైవర్ లేడనుకో. కండక్టర్ "రైట్ రైట్" అంటే ఎవరికి చెప్పినట్టు?

సుగుణ: కండక్టరూ ఉండరు.

వెంకటేశం: అయితే నీ జీరో టికెట్ గతేంటి? ఆధార్ కార్డు ఎవరికి చూపిస్తావు?

సుగుణ: కెమెరాకి.

వెంకటేశం: ఆ ఫోటోలో ఉన్నది నువ్వేనంటే కండక్టర్ జాలిపడి ఒప్పుకుంటాడు. కెమెరాకి జాలి ఉండదే.

(సుగుణ ఫోన్ పక్కన పెట్టింది. అది మంచి సూచన కాదని వెంకటేశానికి తెలుసు. కానీ ఈ విషయంలో ఆయనకు రివర్స్ గేరు లేదు.)

సుగుణ: ఒకటి మాత్రం నిజం. అవి వస్తే ఊరు ప్రశాంతంగా ఉంటుంది. హారన్ మీంచి చెయ్యి తీయని మీలాంటివాళ్లు ఉండరుగా.

వెంకటేశం: హారనా? నీ కొడుకునే అడుగు. 2024లో వాడుండే ఊళ్లోనే, ఒక పార్కింగ్ స్థలంలో ఈ కార్లన్నీ తెల్లవారుజామున ఒకదాన్ని చూసి ఒకటి హారన్లు కొట్టుకున్నాయి. లోపల ఒక్క మనిషి లేడు. పక్కవాళ్లకి నిద్ర లేదు.

సుగుణ: నిజమా?

వెంకటేశం: పేపర్లో చదివాను. అప్పుడే వాటిమీద కాస్త గౌరవం కలిగింది. మన ఊళ్లో బతికిపోతాయి.

సుగుణ: ముహూర్తం దాటిపోయేలా ఉంది, ప్యాంటు వేసుకోండి. అమీర్‌పేటలో రైలు మారితే మియాపూర్. స్టేషన్ దాకా ఆటో బుక్ చేస్తున్నా.

(ఫోన్ మోగింది. స్పీకర్లో ఆటో అతని గొంతు: "డ్రాప్ ఎక్కడ మేడమ్? క్యాషా, ఆన్‌లైనా? ఓ, మెట్రో దాకేనా..." కట్. రైడ్ క్యాన్సిల్.)

సుగుణ: మీ శిష్యుడే.

వెంకటేశం: అతని తప్పేముంది? మన సందులోకి వస్తే బండి తిప్పుకునే చోటుండదు. ఆ కాస్త దూరానికి ఏం గిట్టుబాటవుతుంది?

సుగుణ: అయితే నడవండి. రాబోయే రోజుల్లో సిటీల్లో జనం కార్లు మానేసి నడుస్తారట. పారిస్‌లో బడి, కొట్టు, ఆసుపత్రి అన్నీ ఇంటినుంచి 15 నిమిషాల్లో చేరేలా ఉండాలని చూస్తున్నారట.

వెంకటేశం: పారిస్ సరే. ఇక్కడ నడవడానికి ఫుట్‌పాత్ ఏదే?

సుగుణ: రాబోయే రోజుల్లో అన్నాను కదండీ!