సైన్ 30 అంటే ఏ 30?

ఇంజినీరింగ్ రోజుల్లో ఒకసారి సర్వేయింగ్ లెక్క ఫోన్‌లో చేస్తే గుట్ట ఎత్తు మైనస్‌లో వచ్చింది. గుట్ట కాస్తా గుంటైంది! అరగంట పాటు రీడింగులన్నీ మళ్లీ చూసుకున్నాం, థియొడొలైట్ (కోణాలు కొలిచే పరికరం) దగ్గర నిలబడ్డవాణ్ని అందరం కలిసి తిట్టాం కూడా. తీరా చూస్తే యాప్ డిగ్రీల్లో కాకుండా, కోణానికి మరో కొలమానమైన రేడియన్లలో ఉంది. డిగ్రీల్లో సైన్ 30 అంటే 0.5, రేడియన్లలో అయితే మైనస్ 0.988. తెర మూలన సన్నటి అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది, చూసుకోకపోవడం మా తప్పే. కానీ జవాబునే తలకిందులు చేసే విషయాన్ని అంత చిన్నగా రాయడమేంటి?

సైంటిఫిక్ క్యాల్సీ యాప్‌లు మ్యాట్రిక్స్‌లు, గ్రాఫులు, కాంప్లెక్స్ నంబర్లు అంటూ ఊదరగొడతాయి. మనకు దెబ్బ పడేది మాత్రం బటన్ల దగ్గర, మోడ్ దగ్గర. 2017లో ఐఫోన్ క్యాలిక్యులేటర్‌లో 1+2+3 గబగబా కొడితే 24 వచ్చేది. దానికి కూడిక రాక కాదు, బటన్ యానిమేషన్ పూర్తయ్యేలోపు నొక్కిన రెండో ప్లస్‌ను అది పట్టించుకోలేదు, 1+23 అనుకుంది, అంతే.

కచ్చితత్వం సంగతికొస్తే, ఆ పని దాదాపు అయిపోయింది. 10 పవర్ 100కి 1 కలిపి మళ్లీ 10 పవర్ 100 తీసేస్తే 1 రావాలి కదా, మామూలు యాప్‌లు 15, 16 అంకెలే గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి సున్నా అంటాయి. గూగుల్‌లో హాన్స్ బోమ్ అనే ఇంజినీరు ఆండ్రాయిడ్ క్యాలిక్యులేటర్‌కి వేరే పద్ధతి పెట్టారు. అది సంఖ్యను గుండ్రం చేసి దాచుకోదు, ఎన్ని అంకెలు అడిగితే అన్నీ అప్పటికప్పుడు లెక్కగడుతుంది. అందుకే జవాబును వేలితో పక్కకు జరుపుతూ పోతే ఇంకా ఇంకా అంకెలు వస్తాయి.

ఇక 6÷2(1+2) గొడవ: ముందు 6ని 2తో భాగించాలా, లేక 2ని బ్రాకెట్‌తో గుణించాలా అని. క్యాసియో వాళ్ల ఎఫ్ఎక్స్-991 ఈఎస్ ప్లస్ అనే క్యాలిక్యులేటర్ జవాబు 1 అంటుంది, చాలా ఫోన్ యాప్‌లు 9 అంటాయి. ఏది ఒప్పని కొట్టుకోవడం కంటే, తర్వాత వచ్చిన 991 ఈఎక్స్ చేసిన పని నాకు నచ్చింది: తానెలా అర్థం చేసుకుందో బ్రాకెట్లు తానే వేసి చూపిస్తుంది. ఈ ఒక్కటీ ఫోన్ యాప్‌ల వాళ్లకు ఎందుకు తట్టదో!

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లకైతే ఏ యాప్ మంచిదన్న ప్రశ్నే దండగ. అక్కడ సొంత క్యాల్సీ తీసుకెళ్లనివ్వరు, తెర మీద వాళ్లిచ్చినదే మౌస్‌తో నొక్కుకోవాలి. అందులో ముందు 30 కొట్టి తర్వాత సైన్ నొక్కాలి, ఫోన్ అలవాటుకి పూర్తిగా రివర్స్. ఇంట్లో ఏడాదంతా ఫోన్‌లో చేసి, హాల్లో మొదటిసారి దాని ముఖం చూస్తే టెన్షన్ రాక ఏమవుతుంది? ప్రాక్టీసుకి అదే క్యాలిక్యులేటర్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

నేనైతే ఇప్పటికీ ఏ యాప్ తెరిచినా ముందు సైన్ 30 కొడతాను. 0.5 వస్తేనే అసలు లెక్క మొదలుపెడతాను.