క్రూగర్‌లో ఎండిన తొట్లను ఎండనివ్వండి

శీతాకాలం సెలవుల్లో దక్షిణాఫ్రికాలోని క్రూగర్ వన్యప్రాణి పార్కుకు వెళ్లొచ్చిన మనవాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు. “గాలిమర ఉంది, తొట్టి ఉంది, చుక్క నీళ్లు లేవు. పార్కు వాళ్లకు పట్టదా?” చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో లెక్కేసినవాళ్లం కదా, నోరులేని జీవికి నీళ్లు ఆపితే మనసొప్పదు. అయినా ఈ విషయంలో నేను పార్కు వైపే.

అక్కడ బోర్లు వేసి, గాలిమరలతో తొట్లలోకి నీళ్లు తోడింది కూడా జాలితోనే. 1930ల నుంచి వందల బోర్లు పడ్డాయి. తర్వాత పడమటి కంచె జంతువుల వలస దారులకు అడ్డం రావడంతో నీళ్లు ఇంకా కావాలనుకున్నారు. ఉత్తరాన పొడి మైదానాల్లో రోన్ జింకలుండేవి. పొడుగు గడ్డిలో దూడను దాచి మేతకెళ్లే జంతువది. నీళ్లు తక్కువ కాబట్టి అక్కడ జీబ్రాలు తక్కువ, జీబ్రాలు తక్కువ కాబట్టి సింహాలూ తక్కువే. తొట్లు ఏడాది పొడవునా నిండుగా ఉండేసరికి జీబ్రాలు దిగాయి, గడ్డి కురచబడింది, వెనకే సింహాలొచ్చాయి. 1986లో సుమారు 450 ఉన్న రోన్‌లు 1993 నాటికి 45 దాకా పడిపోయాయి. కరువు పాత్ర కూడా ఉంది, కాదనను.

ఇందులో సింహం తప్పేముంది? జీబ్రా దాదాపు రోజూ నీళ్లు తాగాలి, అది ఎక్కడికొస్తుందో సింహానికి తెలుసు. అలా కాపు కాసినా చాలా వేటలు తప్పిపోతూనే ఉంటాయి. నీళ్లు దూరదూరంగా ఉంటే మధ్యలో మేతకీ, పిల్లల్ని దాచుకోవడానికీ చోటుంటుంది. తొట్ల మీద తొట్లు కట్టి ఆ చోటే లేకుండా చేశాం.

1994లో ఆ మైదానాల్లో తొట్లు మూశారు. జీబ్రాలు తగ్గాయి, రోన్‌లు మాత్రం కోలుకోలేదు. “మరి మూసి ఏం సాధించారు?” అని అడుగుతారు. ఆలస్యంగా మూశారనే నేనంటాను.

ఇంకో మాట, కోపమొచ్చినా సరే. మన బాధలో సగం జింక కోసం కాదు, ఫొటో కోసం. తొట్టి పక్కన కారాపి, చిప్స్ తింటూ ‘కిల్’, అంటే సింహం వేట, చూడాలి. అంత సరదా ఉంటే నదుల వెంట వెళ్లండి. లోయర్ సాబీ క్యాంపు పక్కనే సన్‌సెట్ డ్యామ్ ఉంది, మొసళ్లూ హిప్పోలూ కారులోంచే కనిపిస్తాయి. తొట్లు తెరవాలంటూ సంతకాలు సేకరించే కాగితం మాత్రం నా దగ్గరికి తేవొద్దు.