నాణ్యతకు 25 మార్కులు ఉచితం

వృద్ధాప్యంలో మనిషికి దక్కే ఆదరణను నూటికి ఇన్ని మార్కులని లెక్కగట్టడం అసాధ్యమని నమ్మే అమాయకులు ఇంగ్లండులోని కేర్ హోముల తనిఖీ విధానాన్ని శ్రద్ధగా అధ్యయనం చేయవలసి ఉంది. అక్కడ 2009 నుంచి పనిచేస్తున్న కేర్ క్వాలిటీ కమిషన్ ప్రతి హోము గురించీ అయిదు ప్రశ్నలు వేస్తుంది: భద్రత ఉందా, చేసే సేవ ఫలిస్తోందా, ఆప్యాయత ఉందా, మనిషి అవసరాన్ని బట్టి నడుచుకుంటున్నారా, నిర్వహణ సవ్యంగా ఉందా. జవాబులను బట్టి ‘అవుట్‌స్టాండింగ్’ మొదలుకొని ‘ఇన్‌ఆడిక్వేట్’ దాకా ఉన్న నాలుగు గ్రేడుల్లో ఒకటి ప్రసాదిస్తుంది. ఆ గ్రేడును వచ్చిపోయేవారికి కనబడేలా హోములో ప్రదర్శించడం చట్టరీత్యా తప్పనిసరి. నాక్ గ్రేడును ఫ్లెక్సీ కట్టించుకోవడానికి మన కాలేజీలకు ఏ చట్టమూ అవసరం పడలేదన్నది వేరే సంగతి.

2023 నవంబరులో మొదలైన కొత్త విధానంలో ఈ అయిదు ప్రశ్నలను 34 నాణ్యతా వాక్యాలుగా విడగొట్టి, ఒక్కోదానికి 1 నుంచి 4 వరకు మార్కులు వేసి, వచ్చిన మొత్తాన్ని శాతంలోకి మార్చారు. ఇందులోని దయాగుణాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. ఆ పట్టికలో సున్నాకు చోటు లేదు గనుక, అన్నిట్లోనూ అట్టడుగున నిలిచిన హోముకైనా 25 శాతం వచ్చి తీరుతుంది. 38 శాతం వరకు ‘ఇన్‌ఆడిక్వేట్’, 63 నుంచి ‘గుడ్’, 88 నుంచి ‘అవుట్‌స్టాండింగ్’. పదో తరగతిలో 35కే గట్టెక్కిన మనవాళ్లకు ఈ హద్దులు కఠినంగా తోచవచ్చు గానీ, తలుపులు తెరిచి ఉంచినందుకే పావు వంతు మార్కులిచ్చే ఔదార్యం మన ఎస్సెస్సీ బోర్డుకు ఇంతవరకు కలగలేదు.

తనిఖీకి ఆధారం కావాలి. కాగితం మీద ఉన్నంత స్థిరంగా ఆధారం మరెక్కడా ఉండదు. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రాయాలి, జాము సీసా మూత తీసిన తేదీ అంటించాలి, మంచం పట్టినవారిని ఎన్ని గంటలకు ఏ పక్కకు తిప్పారో సంతకంతో నమోదు చేయాలి. వీటిలో ఏదీ అనవసరం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఒక పెద్దావిడ ఎప్పుడేం తాగిందో రాసే పట్టీలో ‘ఉదయం 10 గంటలు, టీ, 150 మిల్లీలీటర్లు’ అని ఉందనుకుందాం. ఆవిడ పక్కన బల్ల మీద మీగడ కట్టిన కప్పు ఇంకా నిండుగానే ఉందనుకుందాం. పట్టీలో ఉన్నది ఆధారం, కప్పులో ఉన్నది ఉత్త టీ. వీసా మీద అక్కడికి వెళ్లి కేర్ వర్కరుగా చేస్తున్న మన తెలుగమ్మాయి ఆ కప్పును వేడిచేసి తెచ్చి, వణికే చేతిని పట్టుకుని గుక్కగుక్కగా తాగిస్తే పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో నలుగురి పట్టీలు నింపేయవచ్చు.

డిమెన్షియా వల్ల తమ బాగోగులు తాము చెప్పుకోలేనివారి కోసం బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించిన ‘సోఫీ’ అనే పద్ధతి కూడా ఉంది. తనిఖీదారు హాల్లో ఒక మూల కూర్చుని, ఎవరి ముఖం ఎలా ఉంది, ఎవరితో ఎవరు మాట్లాడారు, ఎవరిని ఎవరూ పలకరించలేదు అన్నది గమనించి రాసుకోవాలి. ఫైలును పక్కనపెట్టి మనిషిని చూడమనే ఇంతటి విపరీత ఆలోచన ఆచరణలోకి రావాలంటే ముందు తనిఖీదారు రావాలి.

2019లో దాదాపు 16 వేల తనిఖీలు చేసిన కమిషన్ 2023లో 7 వేల దగ్గర ఆగింది. కమిషన్ పరిధిలోని చోట్లలో అయిదింట ఒకదానికి గ్రేడే లేదని 2024లో డాక్టర్ పెన్నీ డ్యాష్ జరిపిన సమీక్ష తేల్చింది. డిమెన్షియా ఉన్న మనిషిని జన్మలో కలవని తనిఖీదారు కేర్ హోమును తనిఖీ చేసిన ఉదంతమూ అందులో ఉంది. ఆరోగ్య మంత్రి వెస్ స్ట్రీటింగ్ ఈ సంస్థ దాని పనికి తగినట్లు లేదని అనేశారు. ఇది తొందరపాటు విమర్శ. డిమెన్షియాతో తనిఖీదారుకు ముందే పరిచయం ఉంటే పక్షపాతం వచ్చే ప్రమాదముంది కదా! పైగా ఏళ్ల తరబడి ఎవరూ రాని హోములో మేనేజరు మారవచ్చు, వంటమనిషి మారవచ్చు, ఉండేవారే మారిపోవచ్చు. గోడ మీది గ్రేడు ఒక్కటే నిలకడగా ఉంటుంది.

మన దగ్గర ఇంత గొడవ లేదు. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడా ఆశ్రమాలు పెట్టవచ్చని 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం రాష్ట్రాలకు సెలవిచ్చింది. హోములు రిజిస్టరు కావాలనీ కనీస ప్రమాణాలు పాటించాలనీ 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చిన సవరణ బిల్లు, 2024లో ఆ సభతోపాటే కాలం చేసింది. అంచేత డాలస్‌లో ఉన్న అబ్బాయి వాట్సాప్ వీడియోలో గేటు, గుడి, లిఫ్టు చూసి సంతృప్తి చెందుతాడు. ‘అమ్మా, బాగా చూసుకుంటున్నారా?’ అని అడుగుతాడు. ‘బాగానే చూస్తున్నారు నాన్నా’ అంటుందావిడ. అప్పుడు ఫోను పట్టుకుని నిలబడేది మేనేజరు గారే.

అయినా మనకంటూ ఒక తనిఖీ వ్యవస్థ కావాలంటే కొత్తగా ఎవరినీ నియమించనక్కరలేదు. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు, పెద్దల తద్దినాలకు వృద్ధాశ్రమాల్లో అన్నదానం చేసే దాతలు సకుటుంబంగా వస్తూనే ఉన్నారు. ముందే ఫోను చేసి వస్తారు, రెండు కూరలు, పెరుగు, స్వీటు తామే వడ్డిస్తారు, ఫోటోలు తీస్తారు, ‘చాలా బాగా చూసుకుంటున్నారు’ అని పుస్తకంలో రాసి సంతకం పెడతారు. వీరికి గుర్తింపు కార్డులిస్తే సరిపోతుంది. ఎవరి పుట్టినరోజూ లేని మంగళవారం నాడు అక్కడ ఏం వండుతున్నారన్నది రెండో దశలో పరిశీలించవచ్చు.